ఒకే అక్షాంశం మీద ఒక తీరానికి తుపానులు, మరో తీరానికి ఎడారి ఎందుకు?

ఇచ్ఛాపురం నుంచి రాసిన మిత్రులు మూడు సందేహాలు అడిగారు. మొదటిది: ఒడిశాలో గంజాం తీరంలోని గోపాలపురం 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, చిలీ దేశంలోని అరికా 18.5 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది, రెండూ సముద్రపు ఒడ్డు ఊళ్లే. అటువంటప్పుడు మనకు వరదలు, తుపానులు, వారికి చుక్క వాన లేని ఎడారి ఎందుకు? రెండవది: వేడి సముద్ర ప్రవాహం ఉన్న తీరం తడిగా, చల్లని ప్రవాహం ఉన్న తీరం పొడిగా ఉంటుందని పాఠ్యపుస్తకం చెబుతుంది కదా, మరి మన తీరం వెంట పారేది వేడి ప్రవాహమా, చల్లనిదా? మూడవది: ఎండాకాలంలో గోపాలపురం ఓర్చుకోదగినట్లు ఉంటే, పదిహేను కిలోమీటర్ల దూరంలోని బరంపురం కొన్ని రోజులు ఎందుకు మాడిపోతుంది?

బరంపురంలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు భూగోళశాస్త్రం బోధించాను. ఈ ప్రశ్నలన్నీ తరగతిలో తరచుగా వచ్చేవి. నా సమాధానం ఇది. ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడాలి, ఆ తరువాతే అది ఏ నీటి మీదుగా వస్తోందో చూడాలి. ప్రవాహం సముద్రపు నీటిని వెచ్చగానో చల్లగానో ఉంచుతుంది. ఆ వెచ్చదనాన్నీ తేమనూ తీరానికి చేర్చేది మాత్రం గాలే. గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంటే, పక్కనే ఎంత వెచ్చని ప్రవాహం ఉన్నా ఆ ఊరికి దాని వల్ల ఒరిగేది చాలా తక్కువ. పాఠ్యపుస్తకంలోని సూత్రం తప్పు కాదు కాని, అది సగం మాట మాత్రమే. ఆ సగాన్నే పూర్తి నియమంగా కంఠస్థం చేసినందువల్లే విద్యార్థులు తికమకపడుతున్నారని నా అభిప్రాయం.

ముందుగా అరికా సంగతి చూద్దాం. అక్కడ 59 ఏళ్ల నమోదుల సగటు వర్షపాతం ఏడాదికి 0.76 మిల్లీమీటర్లు. 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి వరకు వరుసగా 173 నెలల పాటు అక్కడ వాన పడలేదు. అదే గంజాం తీరంలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఈ తేడాకు పుస్తకాలు చెప్పే కారణం హంబోల్ట్ చల్లని ప్రవాహం, దీనినే పెరూ ప్రవాహం అని కూడా అంటారు. అది నిజమే, కాని ఆ చల్లదనం అంతా దక్షిణం నుంచి మోసుకొచ్చినది కాదు. అక్కడ ఏడాది పొడవునా గాలి తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. భూభ్రమణం వల్ల పై పొర నీరు గాలి దిశలోనే నేరుగా కదలదు. దక్షిణార్ధగోళంలో ఎడమ వైపుకూ, ఉత్తరార్ధగోళంలో కుడి వైపుకూ జరుగుతుంది. 1893–96 నాటి ఆర్కిటిక్ యాత్రలో ఫ్రాం ఓడ మీద ఉన్న నార్వే అన్వేషకుడు నాన్సెన్, మంచు పలకలు గాలి దిశకు కుడిగా కొట్టుకుపోవడం గమనించారు. 1905లో స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ దానికి గణిత వివరణ ఇచ్చారు. ఆ లెక్క ప్రకారం పెరూ, చిలీ తీరాల దగ్గర పై నీరు ఒడ్డును విడిచి పడమటికి జరిగిపోతుంది, ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. అంటే ఆ తీరపు చల్లదనంలో పెద్ద భాగం గాలి తవ్వి తీసినదే.

దీనికి తోడు, ఆ అక్షాంశాల దగ్గర ఉపఅయనరేఖా అధికపీడన మండలంలో గాలి పై నుంచి కిందికి దిగుతూ ఉంటుంది. దిగే గాలి ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. కింద చల్లని నీటిని తాకిన గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. పైన వెచ్చని గాలి, కింద చల్లని గాలి ఉన్నప్పుడు పై పొర మూతలా పనిచేస్తుంది, కింది తేమ పైకి లేచి వాన మేఘంగా మారలేదు. అందుకే అక్కడ సముద్రం మీద మేఘాలు ఉంటాయి, పొగమంచు ఉంటుంది, వాన మాత్రం ఉండదు. పెరూ రాజధాని లీమా నగరం చలికాలంలో నెలల తరబడి బూడిదరంగు ఆకాశం కింద గడుపుతుంది కాని, సంవత్సరమంతటికీ అక్కడ పడే వాన మన ఆషాఢ మాసపు ఒక మోస్తరు జల్లుకు సరిపోదు. ఆఫ్రికాలో బెంగ్వేలా చల్లని ప్రవాహం పక్కనున్న నమీబ్ ఎడారి కథ కూడా ఇదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మినహాయింపును మీ ముందు ఉంచాలి, ఎందుకంటే అదే గాలి, నీరు అనే ఈ రెండు కారణాలను విడదీసి చూపిస్తుంది. ఆస్ట్రేలియా పశ్చిమ తీరం వెంట పారే లీవిన్ ప్రవాహం వెచ్చనిది. పుస్తక సూత్రం ప్రకారం ఆ తీరం తడిగా ఉండాలి. కాని కార్నార్వన్ లాంటి ఊళ్లలో ఏడాది వర్షపాతం సుమారు 200 మిల్లీమీటర్ల స్థాయిలోనే ఉంటుంది. నీరు వెచ్చనిదైనా, పై నుంచి దిగే గాలీ, నేల మీది నుంచి వచ్చే పొడి గాలీ వానను అడ్డుకుంటున్నాయి. ఇటు కరాచీని చూడండి. వెచ్చని అరేబియా సముద్రం ఒడ్డున, కలకత్తాకు రెండు డిగ్రీలు మాత్రమే ఉత్తరంగా ఉన్న ఆ నగరానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు సముద్రపు గాలే వీస్తుంది, అయినా వాన చాలా తక్కువ. తేమ గాలి పొర అక్కడ పలుచన. దాని పైన బలూచిస్తాన్, అరేబియా ఎడారుల నుంచి వచ్చిన వేడి పొడి గాలి పరుచుకుని ఉంటుంది. గాలి సముద్రం నుంచి రావడం ఒక్కటే చాలదని, అది పైకి లేచే అవకాశం కూడా ఉండాలని కరాచీ చెబుతుంది.

ఒమాన్ దేశంలోని సలాలా ఇంకా ఆసక్తికరమైన చోటు. మన శ్రీకాకుళం, విశాఖపట్నాల కంటే కొద్దిగా దక్షిణంగా, 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటుంది. కేరళకు కుండపోత వానలు తెచ్చే నైరుతి గాలుల కుటుంబమే సలాలా మీదుగా కూడా వీస్తుంది. అయితే సోమాలియా, ఒమాన్ తీరాల దగ్గర ఆ గాలే పై నీటిని సముద్రంలోకి నెట్టి, అడుగు నుంచి చల్లని నీటిని పైకి తెస్తుంది. ఆ చల్లని నీటి మీదుగా వచ్చే గాలికి పెద్ద వాన ఇచ్చే శక్తి ఉండదు, సన్నని తుంపర, దట్టమైన పొగమంచు మాత్రమే ఇస్తుంది. ఆ మంచుకే అక్కడి కొండలు మూడు నెలలు పచ్చబడతాయి. గాలి ఒక్కటే, అది దాటిన నీరు వేరు, ఫలితం వేరు. ప్రవాహాలకూ నీటి వేడికీ ఉన్న అసలైన ప్రాముఖ్యం ఇక్కడ కనిపిస్తుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే గాలి పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది కాబట్టి, 18 డిగ్రీల నీటి మీదుగా వచ్చిన గాలికీ 29 డిగ్రీల నీటి మీదుగా వచ్చిన గాలికీ మధ్య తేడా చాలా పెద్దది.

చలి ప్రాంతాల గురించి మీరు అడగకపోయినా, అట్లాంటిక్ మహాసముద్రంలోని వెచ్చని ప్రవాహమైన గల్ఫ్ స్ట్రీమ్ పేరు ప్రతి పోటీ పరీక్షలోనూ వస్తుంది కనుక ఒక మాట చెబుతాను. నార్వేలోని బెర్గెన్ 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నా జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉంటుంది. కెనడాలోని లాబ్రడార్ తీరం దాని కంటే దక్షిణంగా ఉన్నా గడ్డకట్టిపోతుంది. దీని ఘనతనంతా గల్ఫ్ స్ట్రీమ్‌కే ఇవ్వడం అలవాటైపోయింది. రిచర్డ్ సీగర్, డేవిడ్ బాటిస్టి మొదలైన శాస్త్రవేత్తలు 2002లో ఈ అలవాటును గట్టిగా ప్రశ్నించారు. పడమటి గాలులు ఐరోపాకు సముద్రం మీదుగా వస్తాయి, లాబ్రడార్‌కు చల్లబడిన ఖండం మీదుగా వస్తాయి, పైగా రాకీ పర్వతాలు ఆ గాలుల దారినే వంచుతాయి, కాబట్టి తేడాలో పెద్ద భాగం ప్రవాహానిది కాదు, గాలిదే అని వారు వాదించారు. ప్రవాహం వాటా ఎంత అన్న దాని మీద చర్చ ఉంది. నా వరకు నన్ను ఒప్పించేవి మరో రెండు ఊళ్లు. గల్ఫ్ స్ట్రీమ్‌తో ఏ సంబంధమూ లేని, కెనడా పడమటి తీరంలోని వాంకూవర్ 49 డిగ్రీల మీద ఉండి కూడా చలికాలంలో అంతగా చల్లబడదు. 43 డిగ్రీల మీద సముద్రం ఒడ్డునే ఉన్న రష్యా నగరం వ్లాదివోస్తోక్‌లో జనవరి సగటు సున్నాకు 12 డిగ్రీల దిగువన ఉంటుంది. వ్లాదివోస్తోక్ పక్కన ఒక చల్లని ప్రవాహం కూడా ఉంది, కాని అంతటి చలికి ముఖ్య కారణం సైబీరియా నుంచి సముద్రం వైపు వీచే గాలి.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. మన తీరం వెంట పారే ప్రవాహం ఎప్పుడూ ఒకే దిక్కున పారదు. తూర్పు భారత తీర ప్రవాహం అని పిలిచే ఈ ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు దక్షిణం నుంచి ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. నడి వానకాలంలో అంత బలంగా ఉండదు, తీరమంతటా ఒకే దిశలోనూ ఉండదు. కాబట్టి అట్లాసులో ఒకే ఎర్ర బాణమో నీలి బాణమో గీసి, 'ఇది వేడి ప్రవాహం' అని రాయడం బంగాళాఖాతానికి కుదరదు. ఈ దిశ మార్పు మన ఒడ్డున గాలి మారినంత మాత్రాన వచ్చేది కూడా కాదు. భూమధ్యరేఖ దగ్గర, అండమాన్ సముద్రంలో గాలులు మారినప్పుడు పుట్టే కెల్విన్ తరంగాలు (తీరం అంచును అంటిపెట్టుకుని సాగే పెద్ద సముద్ర తరంగాలు) బంగాళాఖాతపు అంచు వెంట చుట్టి వచ్చి ఇక్కడి ప్రవాహాన్ని ప్రభావితం చేస్తాయి. అందుకే కొన్ని నెలల్లో గాలి ఒక వైపు, ప్రవాహం మరో వైపు ఉండవచ్చు.

మీ ఊళ్లో సముద్రం మీదికి వెళ్లే మత్స్యకారులను అడిగితే ఈ విషయం పుస్తకాల కంటే బాగా చెబుతారు. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోలియా కుటుంబాల పెద్దలతో మాట్లాడేందుకు నేను నా విద్యార్థులను తీసుకువెళ్లేవాణ్ణి. వేసిన వల ఏ నెలలో ఎటు లాగుతుందో, ఎప్పుడు నీరు చల్లబడి చేప ఒడ్డుకు దగ్గరవుతుందో వారు తేదీలతో కాక పండుగలతో చెప్పేవారు. వేసవిలో దక్షిణపు గాలి గట్టిగా వీచే రోజుల్లో ఒడ్డు దగ్గర నీరు చల్లగా తగులుతుందన్న వారి మాట ఎక్‌మన్ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, గాలి అదే దిశలో వీస్తుంది, పై నీరు కుడి వైపుకు, అంటే సముద్రంలోకి జరుగుతుంది. కాని ఈ చల్లదనం పెరూ తీరంతో పోల్చదగినది కాదు. ఎందుకు కాదో తెలిస్తే తుపానుల గుట్టు కూడా తెలుస్తుంది.

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, ఇరావతి మొదలైన నదులు వానకాలమంతా బంగాళాఖాతంలో పోసే మంచినీరు అపారమైనది. ఉప్పు తక్కువగా ఉన్న నీరు తేలిక కాబట్టి అది పైనే పరుచుకుంటుంది. అక్టోబరు నుంచి దక్షిణానికి తిరిగిన తీర ప్రవాహం ఆ నీటిని ఒడిశా, ఆంధ్ర తీరాల వెంట కిందికి మోసుకొస్తుంది. తీరంలో మత్స్యకారులు సేకరించిన నీటి నమూనాలతో చేసిన ఒక పరిశోధన 2014లో వెలువడింది. సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున సముద్రంలోనే ఒక నదిలా ఆ మంచినీరు సాగుతోందని అందులో తేలింది. ఈ తేలికపాటి పై పొర కిందికి కలవడం కష్టం. గాలి ఎంత చిలికినా అడుగు చల్లదనం అంత సులువుగా పైకి రాదు. తుపాను పుట్టడానికి సముద్రం ఉపరితలం 26.5 డిగ్రీలకు పైగా ఉండాలంటారు. వానకాలం ముగిసే నాటికి మన బంగాళాఖాతం 28–29 డిగ్రీల దగ్గర ఉంటుంది. మామూలుగా తుపాను తన గాలితో తన కింది నీటిని తానే చల్లబరచుకుని బలహీనపడాలి. ఇక్కడ మంచినీటి పొర వల్ల ఆ చల్లబడటం తక్కువ. అక్టోబరు తుపానులు మన తీరానికి ఇంత బలంగా రావడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి.

అయినా వెచ్చని నీరు ఒక్కటే విధ్వంసం చేయదు, గాలి దిశ ఎంత ముఖ్యమో మన తుపానులే చూపించాయి. ఉత్తరార్ధగోళంలో తుపాను చుట్టూ గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది కాబట్టి, అది నడిచే దారికి కుడి వైపున ఉన్న తీరానికి గాలి సముద్రం నుంచి, ఎడమ వైపున ఉన్న తీరానికి నేల నుంచి వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటి గంజాం జిల్లాను ఛిన్నాభిన్నం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు దక్షిణంగా, పలాస వైపు తీరం దాటింది. కుడి వైపున పడిన గంజాం, గజపతి జిల్లాల మీదికి తేమ గాలి నేరుగా వచ్చి మహేంద్రగిరి వైపు కొండలను ఎక్కింది. పర్లాకిమిడి చుట్టుపక్కల మన్యంలో వరదలు, కొండచరియలు ప్రాణాలు తీశాయి. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటింది. పూరీకీ గోపాలపురానికీ మధ్య దూరం వంద కిలోమీటర్లకు కొంచెం పైన. సముద్రం ఒకటే, నీటి వేడి దాదాపు ఒకటే, కాని మనం ఎడమ వైపున పడ్డాం. పూరీకి జరిగినంత నష్టం గంజాంకు జరగలేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎంత వేగం అన్నది మాత్రమే కాక, మన ఊరు దాని దారికి కుడి వైపున ఉందా, ఎడమ వైపున ఉందా అని కూడా చూసుకోవాలని నేను ప్రతి ఏడాదీ విద్యార్థులకు చెప్పేవాణ్ణి. ఎడమ వైపున ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు, చివరి గంటల్లో దారి మారవచ్చు. ఆపద లేదని చెప్పడానికి కాదు, ఉప్పెన ఎక్కడ ఎక్కువ వస్తుందో ముందే ఊహించడానికి ఈ మాట చెబుతున్నాను.

మామూలు వానకాలానికీ ఇదే వర్తిస్తుంది. నైరుతి గాలి మన దగ్గర తీరానికి దాదాపు సమాంతరంగా గాని, కోరాపుట్, రాయగడ కొండలు దాటి దిగుతూ గాని వస్తుంది. అందుచేత అరేబియా సముద్రపు గాలి పడమటి కనుమలను ఢీకొన్నప్పుడు పడే వాన మనకు ఆ గాలి ఒక్కదానితో పడదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి గాలిని మలుపు తిప్పాలి. అల్పపీడనాలు లేని వారాల్లో సముద్రం పక్కనే ఉండి కూడా మన పొలాలు నెర్రెలు విడుస్తాయి.

ఎల్ నినో గురించి కూడా క్లుప్తంగా చెప్పి మూడో ప్రశ్నకు వెళతాను. పసిఫిక్‌లో వాణిజ్య పవనాలు బలహీనపడితే పెరూ దగ్గర అడుగు నీరు పైకి రావడం తగ్గుతుంది, వెచ్చని నీరు తీరానికి చేరుతుంది. 1997–98లో ఉత్తర పెరూలోని పియురా ఎడారిలో వరదలు వచ్చాయి. అంటే గాలి మారింది కనుక నీరు మారింది, నీరు మారింది కనుక ఎడారిలో వాన పడింది. భారతదేశంలో ఎల్ నినో అనగానే కరువు అనుకోవడం పూర్తిగా సరి కాదు. అంత బలమైన 1997లో మన దేశపు వర్షపాతం సాధారణంగానే ఉంది, అంత బలం లేని 2002లో మాత్రం 19 శాతం లోటు వచ్చింది. హిందూ మహాసముద్రంలో పడమటి భాగం వెచ్చగా, తూర్పు భాగం చల్లగా మారే స్థితి 1997లో మనకు తోడ్పడిందని శాస్త్రవేత్తల వివరణ.

ఇక బరంపురం ఎండ. ఇక్కడ ప్రవాహాల ప్రసక్తి చాలా తక్కువ, రోజువారీ గాలులే ముఖ్యం. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది, అందువల్ల పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి మొదలవుతుంది. అది ముందు గోపాలపురాన్ని తాకి, తరువాత లోపలికి వస్తుంది. మా విద్యార్థులు రెండు చోట్లా ఉష్ణమాపకాలు పెట్టి, ఒక కర్రకు గుడ్డ కట్టి గాలి దిశ రాసేవారు. బరంపురంలో గుడ్డ పడమటి నుంచి తూర్పుకు ఎగిరినంతసేపూ ఉష్ణోగ్రత ఎక్కుతూనే ఉండేది, ఆగ్నేయానికి తిరిగిన కొద్దిసేపటికే తగ్గడం మొదలయ్యేది. కంధమాల్, కోరాపుట్ వైపు కొండల మీది నుంచి దిగే పొడి పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో అది సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే నిలబెట్టేస్తుంది. అప్పుడు గోపాలపురం 33 డిగ్రీల దగ్గర ఉండగా బరంపురం 40 దాటవచ్చు. పడమటి గాలి మరీ బలమైన రోజుల్లో గోపాలపురానికి కూడా ఆ వేడి తప్పదు.

సముద్రపు గాలి వచ్చాక ఉష్ణోగ్రత తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది, చెమట ఆరదు. అందువల్ల ఉష్ణమాపకం చూపే అంకె తగ్గినంత మాత్రాన పొలంలో, నిర్మాణ పనుల్లో ఉన్నవారికి ఉపశమనం వచ్చిందని అనుకోకూడదు. పడమటి గాలి రోజున నీటి నష్టం వల్ల, తేమ గాలి రోజున ఒంటి వేడి బయటికి పోకపోవడం వల్ల వడదెబ్బ తగులుతుంది. మే నెలలో బయట పనికి వెళ్లే ముందు ఉదయం పది గంటల వేళ గాలి ఎటు నుంచి వీస్తోందో ఒక్కసారి చూడండి. అది ఇంకా కొండల వైపు నుంచే వీస్తుంటే, బరువైన పనిని సాయంత్రానికి వాయిదా వేసుకోవడం మేలు.